కాలవ గట్టు నుంచి 42 కిలోమీటర్ల దాకా: గోదారి జిల్లాల వాళ్ళకి మొదటి మారథాన్ గైడ్

ఇది ఎవరికోసం అంటే, పొద్దున్నే లేచి కాలవ గట్టు మీద నాలుగైదు కిలోమీటర్లు పరిగెత్తడం అలవాటైపోయి, హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో మెడల్ మెళ్ళో వేసుకుని దిగిన ఫ్రెండ్ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో చూసి "ఏం, మనవల్ల కాదా" అనుకుంటున్నవాళ్ళకండి. అవుతుంది. కాకపోతే నెట్‌లో దొరికే ప్లాన్‌లన్నీ చలి దేశాల వాళ్ళకో, బెంగళూరు పార్కుల్లో పరిగెత్తేవాళ్ళకో రాసినవి. అందులో మన ఉక్కపోత ఉండదు, సార్వా కోతలప్పుడు రోడ్డంతా ఆరబోసిన ధాన్యం ఉండదు, రేసుకి నాలుగు రోజుల ముందు సంక్రాంతి వచ్చి పడటం అసలే ఉండదు. అవన్నీ కలిపి, మా బ్యాచ్‌లో రకరకాల వాళ్ళు (ఒక స్కూల్ మాస్టారు, రొయ్యల చెరువులు చూసుకునే ఆయన, బ్యాంకులో చేసే మేడం, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు) పరిగెత్తి తెలుసుకున్నవి ఒక వరసలో పెడుతున్నా.

ముందే ఒక మాట. మన దగ్గర మారథాన్‌కి రెడీ అయ్యేవాళ్ళని దెబ్బ కొట్టేది దూరం కాదండి, స్పీడు. నేల చదును, గట్టు మీద చెట్ల నీడ, పొద్దున్న పూట చల్లగాలి, కాళ్ళు వాటంతటవే ఉరుకుతాయి. ఆ ఉరుకుడు ఆపుకోవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే, మిగతా సగం ఓపిక.

స్టెప్ 1: ముందు డాక్టరు, తర్వాతే షూ

నలభై దాటినా, షుగరో బీపీయో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉన్నా, ఒకసారి ఫిజీషియన్‌కి చూపించుకుని "నేను ఇలా 42 కిలోమీటర్లు పరిగెడదామనుకుంటున్నానండి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఈసీజీ, అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ టెస్ట్ ఆయనే రాస్తారు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు లాంగ్ రన్ (వారానికి ఒకసారి చేసే పొడవాటి పరుగు) రోజున డోసు ఎలా సర్దుకోవాలో అడగాలి, పరుగు మధ్యలో షుగర్ పడిపోతే పక్కన గట్టూ కాలవా తప్ప ఎవరూ ఉండరు. పరిగెత్తేటప్పుడు గుండె మీద బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, కళ్ళు తిరగడం, వీటిల్లో ఏది వచ్చినా ఆ రోజుకి ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళడమే, "గ్యాస్ అయ్యుంటదిలే" అనుకోవద్దు.

స్టెప్ 2: ఏ రేసు, ఎప్పుడు

ఫుల్ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఈ వింత లెక్క 1908 లండన్ ఒలింపిక్స్ నుంచి వచ్చింది, 1921లో దాన్నే స్టాండర్డ్ చేశారు. హాఫ్ అంటే 21.0975. ఇప్పటిదాకా ఒక్క హాఫ్ కూడా చెయ్యనివాళ్ళు డైరెక్టుగా ఫుల్‌కి రిజిస్టర్ అవ్వొద్దు. 10 కిలోమీటర్ల రేసు, తర్వాత హాఫ్, ఆ తర్వాతే ఫుల్, దీనికి ఏడాది పట్టినా నష్టం లేదు. పైగా కొన్ని పెద్ద రేసుల్లో ఫుల్‌కి ఎంట్రీ ఇవ్వాలంటే పాత రేసు టైమింగ్ సర్టిఫికెట్ అడుగుతారు, ముంబై అలాంటిదే.

మనకి అందుబాటులో ఉన్నవి చూస్తే, హైదరాబాద్ మారథాన్ మామూలుగా ఆగస్టు చివర్లో ఉంటుంది. ఫ్లైఓవర్లు ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం, చదును నేల మీద పెరిగిన మన పిక్కలకి అది గట్టి పరీక్ష. చివర్లో గచ్చిబౌలిలో జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో ఫినిష్ అవుతుంటుంది, మన కోనసీమ ఆయన పేరు మీద ఉన్న స్టేడియంలోకి కాళ్ళీడ్చుకుంటూ వెళ్తుంటే ఎంత నొప్పిలో ఉన్నా ఒక్క క్షణం ఛాతీ పొంగుద్ది. వైజాగ్‌లో నేవీ వాళ్ళ మారథాన్ చలికాలం మొదలయ్యేటప్పుడు ఉంటుంది, బీచ్ రోడ్డు, సముద్రపు గాలి, మధ్యమధ్యలో ఎత్తుపల్లాలు. ముంబై జనవరి మూడో ఆదివారం, చెన్నై కూడా జనవరిలోనే.

నా సలహా అయితే మొదటి ఫుల్ డిసెంబర్, జనవరి నెలల్లో ఉన్నదే పెట్టుకోండి. ఎందుకంటే ఆగస్టు రేసుకి ట్రైనింగ్ ఏప్రిల్‌లో మొదలవ్వాలి, అంటే మే నెల ఎండల్లో లాంగ్ రన్‌లు. రాజమండ్రి మే ఎండ గురించి రాజమండ్రి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. జనవరి రేసైతే సెప్టెంబర్ మొదటి వారంలో మొదలుపెడతారు, అక్టోబర్ నవంబర్లలో తుఫాన్లు ఒకటీ రెండు వారాలు తినేసినా, అసలైన పెద్ద పరుగులు వచ్చేసరికి చలి పడిపోయి ఉంటది.

స్టెప్ 3: ఎక్కడ పరిగెత్తాలి

ఇందులో మనం అదృష్టవంతులం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పారాయి, ఆ నీళ్ళు వాటంతటవే పల్లానికి జారేంత కొద్ది వాలు తప్ప మన నేలలో ఎగుడు దిగుడు లేదు. కాలవ గట్లు, ఏటిగట్లు, పుంత రోడ్లు, ఎటు చూసినా పరిగెత్తడానికి దారే. ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా బ్యారేజీ మీద, రాజమండ్రిలో గోదారి గట్టు మీద ఘాట్‌ల వెంబడి, అమలాపురం పాలకొల్లు నరసాపురం చుట్టుపక్కల కాలవల వెంట, కాకినాడ వాళ్ళకి బీచ్ రోడ్డు.

మట్టి గట్టు దొరికితే మట్టి గట్టే. ఊళ్ళల్లో సీసీ రోడ్డు రాయిలా ఉంటది, రోజూ దాని మీదే పరిగెడితే మోకాళ్ళ కింద ముందు ఎముక నొప్పి మొదలవుద్ది. తారు రోడ్డు మీద కూడా అంచున పరిగెడితే ఒక పక్కకి వాలు ఉంటది, ఎప్పుడూ ఒకే వైపు పరిగెత్తితే ఒక తుంటి పట్టేస్తుంది, అందుకే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వైపు మారండి. కాకపోతే ఎదురుగా వచ్చే బండి మనకి కనపడేలా కుడి పక్క పరిగెత్తడమే సేఫ్, కాబట్టి వైపు మార్చేది బళ్ళు తిరగని దారిలోనే. వారానికి ఒకటి రెండు రన్‌లు తారు రోడ్డు మీద ఉండాలి, రేసు జరిగేది దాని మీదే కదా.

హైవే మాత్రం వద్దు. డిసెంబర్లో పొగమంచు పడితే పది అడుగుల దూరంలో మనిషి కనపడడు, చేపల లారీలు, ఇసుక లారీలు ఆ టైములోనే తిరుగుతాయి. గట్టు మీద చీకట్లో వెళ్ళేవాళ్ళు తలకి పెట్టుకునే లైటు కొనుక్కోండి. రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకుంటే బళ్ళవాళ్ళకి మీరు కనపడతారు గానీ పాము కనపడేది లైటు ఉంటేనే, వానాకాలంలో, కోతల టైములో పాములు గట్టెక్కుతాయి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపేసి నడవండి, మీరు ఉరికేకొద్దీ అవీ ఉరుకుతాయి. నవంబర్, డిసెంబర్‌లో ఒకసారి, దాళ్వా కోతలకి మళ్ళీ ఒకసారి రోడ్డు సగం ధాన్యమే ఉంటుంది, దాని మీద తొక్కుకుంటూ వెళ్ళి రైతుతో తిట్లు తినొద్దు, దారి మార్చుకోండి.

ఇక ఎత్తుల సంగతి. చదును నేల మీద చేసిన టైమింగ్ చూసుకుని చాలామంది మోసపోతారు. మనకి కొండల్లేవు, వంతెనలున్నాయి. రావులపాలెం, సిద్ధాంతం వైపు వంతెనల అప్రోచ్‌లు, చించినాడ వంతెన, యానాం ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి, రాజమండ్రి కొవ్వూరు మధ్య 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కే దారి, మీకు ఏది దగ్గరైతే అది. ఆదివారం తెల్లారకముందు, బళ్ళు తక్కువున్నప్పుడు వెళ్ళి, ఆ ఎక్కుడు ఆరు నుంచి పది సార్లు ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి, చూపు ముందుకి, చేతులు బాగా ఊపుతూ. దిగేటప్పుడు ఊరికే పడిపోతున్నట్టు దూకొద్దు, తొడ ముందు కండలు దెబ్బతినేది దిగేటప్పుడే. హైదరాబాద్‌కి వెళ్ళేవాళ్ళు వారం విడిచి వారమైనా ఇది చెయ్యకపోతే పంజాగుట్ట దాటేసరికే తెలిసిపోద్ది.

స్టెప్ 4: స్పీడు తగ్గించడం

మన ఊళ్ళల్లో కాలేజీ గ్రౌండ్‌కి వెళ్తే అక్కడ ఉండేది ఎక్కువ మంది కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి ప్రాక్టీస్ చేసే కుర్రాళ్ళు. వాళ్ళది 1600 మీటర్ల పరుగు, ఊపిరి బిగబట్టి కొట్టాలి, అది వాళ్ళకి కరెక్టే. మీరు వాళ్ళ పక్కన పరిగెడితే మీకు తెలీకుండానే వాళ్ళ స్పీడుకి వెళ్ళిపోతారు, రెండు నెలల్లో గాయం, ఇంట్లో కూర్చోవడం. పరువు పోయినా ఫర్వాలేదు, నెమ్మదిగా వెళ్ళండి.

ఎంత నెమ్మది? పక్కనోడితో రొయ్యల రేటు గురించి ఆగకుండా మాట్లాడుకోగలిగేంత. రెండు మాటలకి ఒకసారి ఊపిరి కోసం ఆగుతున్నారంటే స్పీడు ఎక్కువైనట్టు. వారంలో పరిగెత్తే టైములో ఐదింట నాలుగు వంతులు ఇలాగే ఉండాలి. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో మారథాన్ కొట్టాడు, అంటే కిలోమీటరుకి 2 నిమిషాల 51 సెకన్లు. అలాంటి కెన్యా రన్నర్లు కూడా ఈజీ రోజున చాలా నెమ్మదిగానే వెళ్తారు, మనం ఎందుకు ఈజీ రోజున కూడా జీపీఎస్ వాచీ చూసుకుంటూ చస్తున్నామో నాకర్థం కాదు. వాచీలో ఏ నెంబరు వచ్చినా యాప్‌లో పెట్టి లైకులు అడగాలనే రోగం ఒకటి పట్టుకుంది అందరికీ.

ఇంకొకటి, పరుగు నడక కలిపి చెయ్యడం. నాలుగైదు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మళ్ళీ పరుగు. అమెరికాలో జెఫ్ గాలోవే అనే ఒలింపిక్ రన్నర్ దీన్ని బాగా ప్రచారం చేశాడు. మా బ్యాంకు మేడం మొదటి నుంచీ ఈ పద్ధతే, రేసులో 30 దాటాక మగాళ్ళు కుంటుతూ ఉంటే ఆవిడ ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వెళ్ళిపోద్ది. నడిస్తే మారథాన్ కాదనేవాళ్ళని పట్టించుకోవద్దు, సర్టిఫికెట్ మీద ఎక్కడా నడిచారని రాయరు.

స్టెప్ 5: 20 వారాల ప్లాన్

మొదలుపెట్టేటప్పటికే వారానికి నాలుగు రోజులు, మొత్తం 20, 25 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా చెయ్యగలగాలి. అది లేకపోతే ముందు రెండు మూడు నెలలు ఆ స్థాయికి రండి.

వారంలో మంగళ, బుధ, శుక్రవారాలు చిన్న రన్‌లు, ఒక్కోటి 6 నుంచి 12 కిలోమీటర్లు. అందులో ఒకటి మాత్రం వంతెన ఎక్కుళ్ళో, కొంచెం గట్టి స్పీడో. ఆదివారం లాంగ్ రన్. సోమవారం పూర్తి రెస్టు. గురువారం, శనివారం కాళ్ళ వ్యాయామాలు, లేదా సైకిలు, లేదా ఏమీ వద్దు.

లాంగ్ రన్‌లు వారం వారం ఇలా పెంచుకోండి, కిలోమీటర్లలో: మొదటి నెల 10, 12, 14, 10. రెండో నెల 14, 16, 18, 12. మూడో నెల 18, 21, 24, 16. నాలుగో నెల 24, 27, 30, 20. ఐదో నెల 32, 20, 12, ఆ తర్వాత ఆదివారం రేసు. ప్రతి నాలుగో వారం తగ్గింది చూశారా, అది రెస్టు వారం, దాన్ని ఎగ్గొట్టి "బాగానే ఉన్నాను కదా" అని ఇంకో పాతిక కొట్టేవాళ్ళే తర్వాత ఫిజియో దగ్గర క్యూలో కనపడతారు. 32 కంటే ఎక్కువ ప్రాక్టీస్‌లో అక్కర్లేదు, ఆ పైన వచ్చే లాభం కంటే కోలుకోవడానికి పట్టే టైమే ఎక్కువ.

ఒక వారం తుఫానుకో, జ్వరానికో, చెల్లెలి పెళ్ళికో పోయిందనుకోండి, పోయింది పోయినట్టే వదిలెయ్యండి, పక్క వారంలో రెండు వారాలవి కలిపి చెయ్యొద్దు. రెండు మూడు వారాలు పోతే ఆపిన చోటికి కాకుండా కొంచెం వెనక్కి వెళ్ళి మొదలుపెట్టండి.

కాళ్ళ వ్యాయామాలంటే జిమ్ అక్కర్లేదు. గుంజీళ్ళు, ఒంటికాలి మీద నిలబడటం, మెట్టు అంచున మడమలు దించి లేపడం, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు తిన్నగా ఆపి ఉంచడం). వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు. ఇది బోరు కొట్టే పని, అందరూ ఎగ్గొట్టే పని, 35వ కిలోమీటర్లో నడుం వంగిపోకుండా ఆపేది కూడా ఇదే.

స్టెప్ 6: షూ, బట్టలు, రాసుకోవడాలు

షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలు ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే లాంగ్ రన్‌లకి గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి. మామూలు ట్రైనింగ్ షూ ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుంది, అంటే ఈ ప్లాన్ పూర్తయ్యేసరికి చాలామందికి రెండో జత అవసరం పడుద్ది. రెండో జత రేసుకి నాలుగైదు వారాల ముందే కొని, ఒకటి రెండు లాంగ్ రన్‌లు దాంతో చెయ్యండి. రేసు రోజు కొత్తది ఏదీ వద్దు, షూ గానీ సాక్సు గానీ ఎక్స్‌పోలో (రేసుకి ముందు నెంబర్లు ఇచ్చే చోట, స్టాళ్ళు కూడా ఉంటాయి) ముచ్చటపడి కొన్న టీషర్ట్ గానీ.

కాటన్ బట్టలు మన చెమటకి తడిసి ముద్దయి ఒరుసుకుపోతాయి. డ్రైఫిట్ వేసుకుని, తొడల మధ్య, చంకల్లో, మగాళ్ళు అయితే చనుమొనల మీద కూడా వాజలిన్ దట్టంగా పట్టించండి, లేదా చనుమొనల మీద చిన్న ప్లాస్టర్. సిగ్గుపడి మానేసినవాళ్ళ తెల్ల టీషర్ట్ మీద రెండు ఎర్ర చారలతో ఫినిష్ ఫోటోలు ప్రతి రేసులోనూ ఉంటాయి. కొబ్బరినూనె రాసుకునేవాళ్ళున్నారు, గంటన్నరకి ఇంకిపోద్ది, ఫుల్‌కి చాలదు.

స్టెప్ 7: ఉక్క, నీళ్ళు, ఉప్పు

మన దగ్గర అసలు శత్రువు వేడి కంటే గాల్లో తేమ. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదండి, ఆ చెమట ఆరితేనే చల్లబడుద్ది. గాల్లోనే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోద్ది అంతే, గుండె మాత్రం పరుగులు పెడుద్ది. అందుకే ఉక్కగా ఉన్న రోజు అదే స్పీడుకి ఎక్కువ ఆయాసం వస్తే మీలో లోపం ఏమీ లేదు, కిలోమీటరుకి అర నిమిషం, అవసరమైతే ముప్పావు నిమిషం ఎక్కువ పట్టేలా నెమ్మదిగా వెళ్ళండి. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. లాంగ్ రన్ నాలుగున్నరకల్లా మొదలవ్వాలి.

ఎంత చెమట పోతుందో తెలుసుకోవడం తేలిక. రన్‌కి ముందు, తర్వాత తడి బట్టలు విప్పేసి బరువు చూసుకోండి, కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. మధ్యలో తాగింది దానికి కలపాలి. మా రొయ్యల చెరువుల ఆయనకి గంటకి లీటరు పైన పోద్ది, మాస్టారికి అందులో సగం కూడా పోదు, ఇద్దరూ ఒకే లెక్కన తాగితే ఒకరికి చాలదు, ఒకరికి ఎక్కువవుద్ది. ఎక్కువవడం కూడా ప్రమాదమే. ఉత్త నీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక, బాగా ముదిరితే ఫిట్స్ దాకా వెళ్తుంది. దాహం వేసినప్పుడు తాగండి, రన్ అయ్యాక బరువు పెరిగి ఉంటే మాత్రం అవసరానికి మించి తాగారన్నమాట.

ఇక్కడ కొబ్బరి బొండాం గురించి చెప్పాలి, ఎందుకంటే కోనసీమలో దేనికైనా మందు అదే. బొండాంలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. కాబట్టి బొండాం తాగండి, మంచిదే, కానీ దాంట్లో చిటికెడు ఉప్పు పడాలి. లాంగ్ రన్‌లో అయితే ఓఆర్ఎస్ ప్యాకెట్, లేకపోతే ఉప్పూ పంచదారా వేసిన నిమ్మకాయ నీళ్ళు. ప్యాకెట్ మీద ఎంత నీళ్ళలో కలపమని ఉంటే అంతలోనే కలపాలి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుద్ది. బీపీ ఉన్నవాళ్ళు ఈ ఉప్పు సంగతి కూడా డాక్టర్ని అడిగే చెయ్యండి. ఇంటికొచ్చాక మజ్జిగ తాగితే ప్రాణం లేచొస్తుంది.

లాంగ్ రన్‌కి నీళ్ళ ఏర్పాటు ఎలా అంటే, ముందురోజు సాయంత్రం స్కూటర్ మీద వెళ్ళి తెలిసిన టీ కొట్టులోనో లాకుల దగ్గర కాపలా ఆయన దగ్గరో బాటిల్ పెట్టి రావడం. లేదా ఐదు కిలోమీటర్ల లూపు పెట్టుకుని మాటిమాటికీ ఇంటి ముందు నుంచి వెళ్ళడం, ఇందులో ఇబ్బంది ఒకటే, మూడోసారి ఇల్లు కనపడేసరికి లోపల ఇడ్లీ వాసన వస్తుంటది.

పరిగెత్తేవాళ్ళు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడలోకి లాగి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ, విసురుతూ, 108కి ఫోన్. ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్ళడం.

స్టెప్ 8: తిండి

కండల్లో, లివర్‌లో దాచుకున్న పిండిపదార్థం మామూలుగా 30 కిలోమీటర్ల దగ్గర్లో అడుగంటుతుంది, దాన్నే రన్నర్లు "వాల్" అంటారు. అది తగలకుండా, లేదా కొంచెం మెల్లగా తగిలేలా, పరుగులో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక జెల్ ప్యాకెట్‌లో (రన్నర్లు పరుగులో పిండుకుని మింగే తీపి జెల్లీ లాంటిది) 20, 25 గ్రాములు ఉంటుంది, ఒక మాదిరి అరటిపండులో కూడా దాదాపు అంతే. జెల్‌లు కొన్నవాళ్ళు కొన్నారు, మా బ్యాచ్‌లో హిట్ అయ్యింది మాత్రం మామిడి తాండ్ర. వేలెడంత ముక్కలు కోసి కవర్‌లో పెట్టుకుని, నలభై నిమిషాలకి రెండు ముక్కలు, వెనకాల రెండు గుక్కల నీళ్ళు. చౌక, కారదు, కడుపు మాట వింటుంది. కాకపోతే పళ్ళకి అతుక్కుంటది. బెల్లం ముక్క, ఖర్జూరం, చక్కెరకేళి, ఏదైనా సరే ప్రాక్టీస్‌లో తిని చూసుకున్నదే రేసులో తినాలి. ఆకలేసేదాకా ఆగొద్దు, మొదటి ముక్క ముప్పావు గంటలోపే పడిపోవాలి.

మామూలు రోజుల్లో డైట్ అంటూ అన్నం మానేసి రాగి జావతో బతికేస్తూ 25 కిలోమీటర్లు కొడదామనుకునేవాళ్ళు కనపడుతుంటారు, దయచేసి అన్నం తినండి. దాంతోపాటు పప్పు, గుడ్డు, చేప, పెరుగు. లాంగ్ రన్ అయ్యాక గంటలోపు ఏదో ఒకటి కడుపులో పడాలి.

ఇక అసలు గండం, సంక్రాంతి. జనవరి రేసు పెట్టుకున్నవాళ్ళకి పరుగు తగ్గించాల్సిన చివరి రెండు వారాలూ సరిగ్గా పండగతో కలుస్తాయి. ధనుర్మాసం మనకి బాగా కలిసొస్తుంది, గుడి మైకులో తిరుప్పావై వేసేసరికి అలారం అక్కర్లేకుండా మెలకువ వస్తుంది, వీధుల్లో ముగ్గులేసేవాళ్ళుంటారు, చీకటి భయం ఉండదు. కానీ భోగి వచ్చేసరికి కథ మారిపోద్ది. పరుగు తగ్గింది, ఆకలి తగ్గలేదు, ఎదురుగా అరిసెలు, పాకుండలు, జంతికలు, కనుమ నాడు నాటుకోడి, మటన్. కొత్త అల్లుడు అయితే చెప్పక్కర్లేదు, అత్తగారి ముందు "నాకు ఆదివారం మారథాన్ ఉందండి, ఇది తినను" అన్నవాడు గోదారి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. కాబట్టి రాజీ మార్గం: భోగి, సంక్రాంతి రోజుల్లో మధ్యాహ్నం పూటే తినండి, రాత్రికి పెరుగన్నం. నూనె పిండివంటలు రుచికి ఒకటి. కనుమ మాంసం గురువారంలోపే అయిపోతే సరే, రేసుకి ముందు రెండు రోజులు మాంసం, పులుసులు, పచ్చళ్ళు, పీచు ఎక్కువుండే కూరలు బంద్. ఆ రెండు రోజులూ అన్నం, బంగాళాదుంప, ఇడ్లీ, బ్రెడ్, అరటిపండు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. రేసు ముందు రాత్రి కడుపు పగిలేలా తినడం కాదు, పెందలాడే తేలిగ్గా తినడం. ఒకటి రెండు కిలోల బరువు పెరిగితే కంగారు పడొద్దు, పిండిపదార్థంతో పాటు ఒంట్లో నీరు కూడా నిలవ ఉంటుంది, అది మనకి కావాల్సిందే.

స్టెప్ 9: ప్రయాణం, ముందురోజు

శనివారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదివారం పొద్దున్న దిగి పరిగెడదాం అనే ప్లాన్ మర్చిపోండి. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నెంబరు చీటీ) ముందురోజు ఎక్స్‌పోలోనే తీసుకోవాలి, రేసు పొద్దున ఇవ్వరు. శుక్రవారం రాత్రి బయల్దేరండి. ఐడీ కార్డు, రిజిస్ట్రేషన్ కాపీ దగ్గర పెట్టుకోండి. ఎక్స్‌పోలో గంటకి మించి తిరగొద్దు, కాళ్ళు అక్కడే అరిగిపోతాయి. రూము స్టార్ట్ పాయింట్‌కి దగ్గర్లో చూసుకోండి, ఆదివారం తెల్లారగట్ల రోడ్లు మూసేస్తారు, ఆటోలు దొరకవు. షూ, బిబ్, తాండ్ర బ్యాగులో కాకుండా చేతి సంచిలో పెట్టుకుంటే బ్యాగ్ పోయినా రేసు పోదు.

రాత్రి నిద్ర పట్టదు. ఎవరికీ పట్టదు. అందుకే శుక్రవారం నిద్ర ముఖ్యం, ట్రైన్‌లో లోయర్ బెర్త్ అయినా సరే బాగా పడుకోండి.

స్టెప్ 10: రేసు రోజు

స్టార్ట్‌కి రెండున్నర, మూడు గంటల ముందు తినాలి, అంటే చాలా రేసులకి అర్ధరాత్రి దాటాక రెండింటికే. హోటల్లో ఆ టైముకి ఏమీ దొరకదు, ముందురోజే ఇడ్లీ పార్సిలో బ్రెడ్డూ జామో అరటిపళ్ళో పెట్టుకోండి. సాంబారు వద్దు. కాఫీ అలవాటుంటే తాగండి, లేకపోతే ఆ రోజు మొదలుపెట్టొద్దు. టాయిలెట్ క్యూ పొడవుగా ఉంటది, గంట ముందే చేరండి.

టైమింగ్ చిప్ బిబ్‌లోనే ఉంటుంది, మీరు స్టార్ట్ మ్యాట్ దాటినప్పటి నుంచి మీ నెట్ టైము లెక్కవుతుంది కాబట్టి ముందు వరసలోకి తోసుకెళ్ళడం అనవసరం. స్పీడు లెక్క ముందే రాసుకోండి: 5 గంటల్లో పూర్తి చెయ్యాలంటే కిలోమీటరుకి 7 నిమిషాల 6 సెకన్లు, ఐదున్నరకి 7:49, ఆరుకి 8:32. మీ హాఫ్ టైముని రెండింతలు చేసి ఇరవై నిమిషాలు, మొదటిసారి అయితే అరగంట కలపండి, దాదాపు అదే మీ టైము. రేసు కటాఫ్ (ఎన్ని గంటల్లోపు పూర్తి చెయ్యాలి అనేది) ఎంతో కూడా చూసుకోండి.

మొదటి పది కిలోమీటర్లు డప్పులు, మ్యూజిక్, చప్పట్లు, అందరూ మిమ్మల్ని దాటుకుంటూ పోతారు. పోనివ్వండి. ప్లాన్ కంటే పది సెకన్లు నెమ్మదిగానే ఉండండి, వీళ్ళల్లో చాలామందిని మీరు తర్వాత చూస్తారు. హాఫ్ దగ్గర "ఇంతేనా" అనిపిస్తుంది, అది అబద్ధం. 21 నుంచి 30 దాకా హాఫ్ వాళ్ళు వెళ్ళిపోయి రోడ్డు ఖాళీ అయిపోద్ది, మాట్లాడేవాళ్ళు ఉండరు, ఎండ పైకొస్తుంది, అక్కడ తినడం తాగడం మర్చిపోతారు, గుర్తుపెట్టుకుని తినండి. నీళ్ళ స్టాల్ వచ్చినప్పుడు ఆగి నడుస్తూ తాగితే పోయేది పది సెకన్లే, పరిగెడుతూ తాగితే సగం మొహం మీద సగం ముక్కులో.

30 దాటాక అసలు మారథాన్. పిక్కలు పట్టేస్తాయి, బుర్రలో బేరాలు మొదలవుతాయి, ఆ చెట్టు దాకా, ఆ పోల్ దాకా. మాస్టారు అయితే ఒక్కో కిలోమీటరు ఒక్కో స్టూడెంట్ బ్యాచ్ పేరు తలుచుకుంటారట. పిక్క పట్టేస్తే ఆగి మెల్లగా సాగదీసి, ఉప్పు నీళ్ళు తాగి, నడిచి, మళ్ళీ చిన్న అడుగులతో మొదలుపెట్టండి. నొప్పి మాత్రలు వేసుకుని పరిగెత్తొద్దు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్ లాంటివి, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద పడతాయి. ఎక్కడో గుచ్చినట్టు నొప్పి వచ్చి అడుగు మారిపోతుంటే, మెడికల్ టెంట్‌లో కూర్చోవడం తప్పు కాదు. మా కుర్రాళ్ళలో ఒకడు 34 దగ్గర ఆగిపోయి తర్వాతి ఏడాది పూర్తి చేశాడు.

స్టెప్ 11: ఆ తర్వాత

ఫినిష్ దాటగానే కూలబడొద్దు, పది పదిహేను నిమిషాలు నడవండి, పొడి బట్టలు మార్చుకోండి, కొంచెం కొంచెంగా తాగండి, తినండి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, లేదా చాలాసేపు అసలు రాకపోతే ఆసుపత్రికి వెళ్ళండి.

తిరుగు ప్రయాణానికి లోయర్ బెర్త్ ముందే బుక్ చేసుకోండి, పైది వస్తే ఎక్కలేరు, ఎక్కితే దిగలేరు. రెండు మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగుతారు, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, పక్కింటావిడ "ఎన్నో ప్రైజ్ వచ్చింది బాబూ" అని అడుగుద్ది, వివరించే ఓపిక ఉంటే వివరించండి. ఇప్పుడు పూతరేకులు, మిగిలిపోయిన అరిసెలు ఎన్నయినా తినండి. మొదటి వారం నడక మాత్రమే, రెండో వారం నొప్పులు పూర్తిగా పోతేనే గట్టు మీద అరగంట మెల్లగా, నాలుగో వారం దాకా స్పీడు, వంతెనలు వద్దు. ఆ నెలలోపు ఇంకో ఫుల్‌కి రిజిస్టర్ అవుదామని ఫోన్ తీస్తే ఇంట్లోవాళ్ళకి ఇచ్చేసి పడుకోండి.